గానతపస్వి బడే గులాం అలీ ఖాన్

పాట మొదట పండితుల సభలో పుట్టలేదు. పొలం గట్టు మీద, తిరగలి పక్కన, ఊయల చెంత, పశువుల మంద వెనుక పుట్టింది. శ్రమించే మనిషి అలసటను మరచిపోవడానికి తీసిన కూనిరాగమే కాలక్రమంలో బాణీ అయింది, రాగమయింది, శాస్త్రమయింది. తెలుగునాట అన్నమాచార్యులు లాలి, సువ్వి, గొబ్బి, జాజర వంటి పల్లెపాటల వరుసలను స్వీకరించి సంకీర్తనలు రచించారు. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలలో, ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో సామాన్యులు గుంపుగా పాడుకొనడానికి అనువైన తేలిక బాణీలు వినిపిస్తాయి. ఆనందభైరవి వంటి రాగాలకు జానపదుల పాటలే మూలమని సంగీతజ్ఞులు చెబుతారు. ఉత్తర భారతదేశంలో వర్ధిల్లిన హిందుస్తానీ సంగీతానికీ ఇదే చరిత్ర ఉంది. పల్లెపాటకూ, పండిత గానానికీ మధ్య ఉన్న ఈ రక్తబంధాన్ని తన కంఠంతో లోకానికి వినిపించిన మహావిద్వాంసుడు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్. పంజాబులో జన్మించి, దేశమంతటా గానామృతాన్ని పంచి, చివరకు హైదరాబాదు పాతబస్తీ మట్టిలో శాశ్వత విశ్రాంతి పొందిన ఆ గానతపస్వి జీవితం స్ఫూర్తిదాయకమైనది.

బడే గులాం అలీ ఖాన్ 1902 ఏప్రిల్ 2వ తేదీన అవిభక్త పంజాబులోని కసూర్ పట్టణంలో జన్మించారు. లాహోరు నగరానికి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణం నేడు పాకిస్తాన్‌లో ఉంది. కసూర్ పేరు వినగానే పంజాబీలకు స్ఫురించేది సూఫీ కవి బుల్లేషా. 18వ శతాబ్దికి చెందిన ఆ మహాకవి సమాధి ఆ ఊరిలోనే ఉంది. రాట్నం, దారం, పుట్టినిల్లు, అత్తవారిల్లు వంటి నిత్యజీవితపు మాటలతోనే ఆయన ఆత్మ పరమాత్మల సంబంధాన్ని బోధించారు. చదువురాని రైతులు సైతం ఆయన గేయాలను కంఠస్థం చేసి పాడుకొనేవారు. అటువంటి గాలిలో, అటువంటి నేల మీద గులాం అలీ బాల్యం గడిచింది.

ఆయనది సంగీతమే వృత్తిగా, సంగీతమే ఆస్తిగా గల కుటుంబం. తండ్రి అలీ బక్ష్ ఖాన్, పినతండ్రి కాలే ఖాన్ ఇద్దరూ పేరు పొందిన గాయకులు. వారు పటియాలా ఘరానా సంప్రదాయానికి చెందినవారు. ఘరానా అంటే ఒక వంశంలోనో, ఒక గురుపరంపరలోనో తరతరాలుగా రూపొందిన గానశైలి. హిందుస్తానీ సంగీతంలో గ్వాలియర్, ఆగ్రా, జైపూర్, కిరానా వంటి ఘరానాలు ఎన్నో ఉన్నాయి. పటియాలా సంస్థానంలో ఫతే అలీ ఖాన్, అలీ బక్ష్ ఖాన్ అనే గాయకద్వయం పెంపొందించిన శైలికి పటియాలా ఘరానా అని పేరు వచ్చింది. ఆ అలీ బక్ష్ ఖాన్ వేరు, గులాం అలీ తండ్రి వేరు. కాలే ఖాన్ ఆ ఫతే అలీ ఖాన్ శిష్యుడు. మెరుపు వేగంతో సాగే తానాలు, స్వరాల చమత్కారమైన అల్లికలు ఈ శైలికి ప్రాణం.

గులాం అలీ పసితనంలోనే పినతండ్రి వద్ద శిష్యరికం ప్రారంభించారు. నాటి గురుకుల పద్ధతిలో సంగీత విద్య అంటే గ్రంథాలు చదవడం కాదు. గురువు పాడింది వినడం, తిరిగి పాడడం, తప్పితే మళ్లీ పాడడం. ఈ సాధనకు వారి భాషలో రియాజ్ అని పేరు. గాత్రంతోపాటు ఆయన సారంగి వాద్యాన్ని కూడా అభ్యసించారు. యౌవనంలో కొంతకాలం ఇతర గాయకులకు సారంగిపై సహకారం అందించారు. సారంగి మానవ కంఠానికి అతి సన్నిహితమైన వాద్యం. స్వరం నుండి స్వరానికి తెగకుండా జారే గమకాలను అది అద్భుతంగా పలికిస్తుంది. ఆ వాద్యాభ్యాసం ఆయన కంఠానికి మరింత మెరుగు పెట్టింది. అయితే నాటి సంగీత లోకంలో పక్కవాద్యకారునికి ప్రధాన గాయకునితో సమానమైన గౌరవం దక్కేది కాదు. ఆ స్థానం నుండి ప్రధాన వేదికకు చేరుకోవడానికి ఆయన ఎన్నో సంవత్సరాల కఠోర సాధన చేశారు.

ఆయన చెవులకు గురువులు ఒక్కరే కాదు, పంజాబు పల్లెలు కూడా పాఠాలు నేర్పాయి. పంజాబు అయిదు నదుల దేశం. ఆ నదీతీరాలలో ప్రేమకథలు పాటలై ప్రవహించాయి. హీర్ రాంఝాల కథను వారిస్ షా 1766లో కావ్యంగా రచించారు. నాటి నుండి నేటి వరకు పల్లె ప్రజలు దానిని రాగయుక్తంగా ఆలపిస్తూనే ఉన్నారు. ప్రియుని కలుసుకొనడానికి పచ్చికుండ ఆధారంగా చీనాబ్ నదిని ఈదబోయి మునిగిపోయిన సోహ్ని కథ మరొకటి. ఎడారి బాటల వెంట ఒంటెలను తోలుకొని పోయేవారు తమ ఒంటరితనాన్ని పోగొట్టుకొనడానికి ఒక విధమైన పాటలు పాడేవారు. 18వ శతాబ్దిలో షోరీ మియా అనే గాయకుడు ఆ ఒంటెకాపరుల పాటలకు మెరుగులు దిద్ది, లక్నో నవాబు దర్బారులో ప్రవేశపెట్టాడు. అదే టప్పా అనే గానప్రక్రియ అయింది. హిమాలయ పర్వత సానువులలో గొర్రెల కాపరులు పాడుకొనే బాణీల నుండి పహాడీ రాగం రూపుదిద్దుకొంది. ఒంటెకాపరి పాట రాజసభకు చేరడం, కొండపాట కచేరీ రాగం కావడం భారతీయ సంగీతంలో వింత కాదు. అదే దాని సహజమైన ఎదుగుదల.

శాస్త్రీయ సంగీత వృక్షానికి జానపద గానమే తల్లివేరు అని గులాం అలీ ఖాన్ దృఢంగా విశ్వసించారు. ఒక పల్లెపాటను ఆలపించి, ఆ పాటలో దాగి ఉన్న రాగాన్ని క్రమంగా విప్పి చూపడం ఆయనకు ఇష్టమైన పని. పల్లెపాట తక్కువది, పండిత గానం ఎక్కువది అనే భేదభావం ఆయనలో లేదు. ఎంతటి జటిలమైన రాగాన్ని ఆలపించినా అందులో మట్టివాసన పోకూడదన్నది ఆయన ఆశయం.

ఈ ఆశయమే ఆయన గానశైలికి ప్రత్యేకతను సమకూర్చింది. పటియాలా శైలికి ఆయన ధ్రుపద సంప్రదాయపు గాంభీర్యాన్ని, గ్వాలియర్ గాయకుల స్వర విస్తరణను, జైపూర్ ఘరానాలోని వంపులు తిరిగే నడకను జోడించారు. ఆయన కంఠం మూడు స్థాయిలలోనూ అనాయాసంగా సంచరించేది. భారీ విగ్రహం, గుబురు మీసాలు గల ఆ మనిషిని చూసినవారు సింహగర్జన వంటి స్వరాన్ని ఊహించేవారు. గొంతు విప్పగానే వెన్నవలె మృదువైన నాదం వెలువడి శ్రోతలను ఆశ్చర్యచకితులను చేసేది. చేతిలో స్వరమండలం అనే చిన్న తంత్రీవాద్యాన్ని పట్టుకొని, దాని తీగలను మీటుతూ పాడడం ఆయనకు అలవాటు. ఆయన ఛాయాచిత్రాలలో తరచుగా ఆ వాద్యం కూడా కనిపిస్తుంది.

హిందుస్తానీ సంగీతంలో ఖయాల్ ప్రధానమైన ప్రక్రియ. దానిని విలంబ కాలంలో ఆరంభించి, క్రమంగా వేగం పెంచుతూ రాగ స్వరూపాన్ని విశదపరుస్తారు. ఒక్క రాగాన్ని గంటల తరబడి విస్తరించడం నాటి విద్వాంసులకు గొప్ప. గులాం అలీ ఖాన్ ఇందులో ఒక కొత్త మార్గాన్ని అనుసరించారు. సభలో కూర్చున్నవారందరూ పండితులు కారని ఆయన గ్రహించారు. మితిమీరిన ఆలాపన సామాన్య శ్రోతను సంగీతానికి దూరం చేస్తుందని భావించారు. అందువల్ల రాగసారాన్ని కొద్ది సమయంలోనే పిండి అందించేవారు. ఖయాల్ అనంతరం ఠుమ్రీ ఆలపించేవారు. సబ్‌రంగ్ అనే ముద్రతో స్వయంగా ఎన్నో గేయాలు కూడా రచించారు. సబ్‌రంగ్ అంటే అన్ని రంగులు కలది అని అర్థం. అన్ని రకాల పాటలనూ ఆదరించిన ఆయనకు ఆ ముద్ర ఎంతో తగినది.

ఠుమ్రీ లలితమైన, భావప్రధానమైన గానం. లక్నో, కాశీ నగరాలలో అది వర్ధిల్లింది. చైతీ, కజ్రీ, హోరీ వంటి ఉత్తర భారత పల్లెపాటలు దానికి తోబుట్టువులు. చైత్రమాసంలో పాడేది చైతీ, వర్షాకాలంలో పాడేది కజ్రీ, హోలీ పండుగనాడు పాడేది హోరీ. ఈ పాటలలో ఉండేది సామాన్యుల సుఖదుఃఖాలే. మబ్బు పట్టినా ఇంటికి చేరని భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలు, పుట్టింటిని విడిచిపోలేక కన్నీరు పెట్టే నవవధువు, కృష్ణుడు కొంగు పట్టుకొన్నాడని అలిగే గోపిక, రంగులు చల్లుకొనే పడుచులు ఆ పాటలలో ప్రత్యక్షమవుతారు. గులాం అలీ ఖాన్, ఆయన తమ్ముడు బర్కత్ అలీ ఖాన్ ఈ ఠుమ్రీకి పంజాబు జానపద బాణీల చురుకుదనాన్ని, టప్పాలోని స్వరాల విరుపులను మేళవించారు. అదే పంజాబు ఠుమ్రీగా ప్రఖ్యాతి పొందింది. విరహాన్ని పాడేటప్పుడు ఒక్క మాటనే పది విధాలుగా పలికించి, పదిసార్లూ కొత్త భావాన్ని స్ఫురింపజేయడం ఆయన ప్రతిభ. ఇస్లాం మతానికి చెందిన ఆయన రాధాకృష్ణుల లీలలను ఎంత తన్మయంగా గానం చేశారో, హరినామ భజనను కూడా అంత ఆర్తితో ఆలపించారు. పాటకు మతం లేదని ఆయన వేరుగా ఉపన్యసించలేదు. పాడి చూపారు.

ఆయన జన్మించిన 1902వ సంవత్సరానికి భారతీయ సంగీత చరిత్రలో మరొక ప్రాముఖ్యం ఉంది. ఆ ఏడాదే కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని పాటలను గ్రామఫోన్ కంపెనీ రికార్డు చేసింది. మన దేశంలో వాణిజ్యపరమైన సంగీత ముద్రణ అప్పుడే ఆరంభమయింది. అంతవరకు పాట గాయకునితోపాటే ప్రయాణించేది. ఆ తరువాత గాయకుడు వెళ్లలేని ఇళ్లకు కూడా పాట వెళ్లసాగింది. ఇటువంటి మార్పే ప్రపంచంలో అనేకచోట్ల సంభవించింది. అమెరికాలో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల నుండి వలస వచ్చిన రైతుల గాథాగేయాలు, ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన నల్లజాతివారి లయలు, వాద్యాలు కలిసి కంట్రీ సంగీతం ఏర్పడింది. 1927లో బ్రిస్టల్ అనే చిన్న పట్టణంలో జిమ్మీ రోజర్స్, కార్టర్ కుటుంబం వంటి పల్లె గాయకుల పాటలు రికార్డు అయిన తరువాత అది దేశమంతటా, ఆపైన దేశాంతరాలకూ వ్యాపించింది. ఇల్లు విడిచిన బాధ, చెదిరిన ప్రేమ, దైవచింతన దాని ప్రధాన వస్తువులు. పంజాబు పల్లెపాటలోని వస్తువులూ ఇవే. మనుషుల భాషలు వేరైనా బాధలు వేరు కావు. ఒక్కొక్క పక్కకు మూడు నాలుగు నిమిషాలు మాత్రమే పలికే నాటి గ్రామఫోన్ పలకపై గులాం అలీ ఖాన్ ఠుమ్రీలు అందంగా ఒదిగిపోయాయి. రేడియో కూడా వాటిని ఇంటింటికీ చేర్చింది.

1938లో కలకత్తాలో ఆయన చేసిన కచేరీ విద్వాంసుల దృష్టిని ఆకర్షించింది. 1944లో బొంబాయిలో జరిగిన అఖిల భారత సంగీత సమ్మేళనం ఆయనను హిందుస్తానీ గాయకులలో అగ్రశ్రేణికి చేర్చింది. ఆ తరువాత దేశంలోని ప్రధాన నగరాలన్నీ ఆయన గానం కోసం ఎదురుచూశాయి. దక్షిణ భారతదేశంలోనూ ఆయనకు అభిమానులు ఏర్పడ్డారు. సుప్రసిద్ధ కర్ణాటక సంగీత విద్వాంసులు జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం ఆయన గానాన్ని ఎంతగానో ఆరాధించారు. రెండు సంప్రదాయాల నడుమ ఉన్న దూరం ఆ ఆరాధనలో కరిగిపోయింది.

కీర్తి శిఖరాన్ని అధిరోహిస్తున్న ఆ సమయంలోనే ఆయన జీవితంలో పెద్ద పరీక్ష ఎదురయింది. 1947 ఆగస్టులో దేశం స్వాతంత్ర్యం పొందింది. దానితోపాటు రెండుగా చీలింది. పంజాబు నడుమ సరిహద్దు రేఖ గీశారు. ఆ రేఖ కసూర్ పట్టణానికి అతి సమీపం నుండి సాగింది. నిన్నటి వరకు ఒకే తాలూకాగా ఉన్న కసూర్ ప్రాంతం కూడా రెండు దేశాల పాలయింది. లక్షలాది జనులు ఇల్లూ వాకిలీ విడిచి అటునుండి ఇటు, ఇటునుండి అటు నడిచారు. ఎందరో మార్గమధ్యంలోనే ప్రాణాలు కోల్పోయారు. గులాం అలీ ఖాన్ జన్మస్థలం, బంధువర్గం, పితృభూమి పాకిస్తాన్‌లో ఉండిపోయాయి. ఆయన కూడా అక్కడికే వెళ్లారు.

అయితే ఆయన సంగీతానికి ఇల్లు ఒక్క కసూరు మాత్రమే కాదు. కలకత్తా, బొంబాయి సంగీత సభలు, రాత్రంతా మేల్కొని వినే శ్రోతలు, కృష్ణలీలలకు పరవశించే హృదయాలు సరిహద్దుకు ఇవతల ఉన్నాయి. జన్మభూమిలో ఉంటే పాట చిక్కిపోతుంది. పాట వెంట వెళితే జన్మభూమి దూరమవుతుంది. ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకొనడం ఎవరికైనా హృదయవిదారకమే. అన్నదమ్ములు, బాల్యస్మృతులు, తండ్రి తాతల సమాధులు ఒక వైపున ఉండగా, ఆయన పాట ఉన్న వైపునకు తిరిగి వచ్చారు. మతం ప్రాతిపదికగా మనుషులు దేశాలను పంచుకొంటున్న రోజులలో ఒక ముస్లిం గాయకుడు భారతదేశానికి తిరిగి వచ్చి ఇక్కడే స్థిరపడాలని కోరుకొనడం సామాన్యమైన విషయం కాదు. మొరార్జీ దేశాయ్ చొరవతో 1957లో ఆయనకు భారత పౌరసత్వం లభించింది. బొంబాయిలోని మలబార్ హిల్ ప్రాంతంలో నివాస సౌకర్యం కూడా కలిగింది. ప్రతి ఇంటిలో ఒక్క బిడ్డకైనా హిందుస్తానీ సంగీతం నేర్పి ఉంటే ఈ దేశం ముక్కలయ్యేది కాదని ఆయన తలపోసినట్లు చెబుతారు. అది వట్టి అలంకారోక్తి కాదు. విభజన గాయాన్ని స్వయంగా అనుభవించిన మనిషి ఆవేదన.

గులాం అలీ ఖాన్ చలనచిత్రాలకు పాడడానికి ఇష్టపడలేదు. కె. ఆసిఫ్ నిర్మించిన మొగల్-ఎ-ఆజమ్ చిత్రం ఒక్కటే దానికి పేరు పొందిన మినహాయింపు. అక్బరు ఆస్థానంలోని తాన్‌సేన్ పాత్రకు తగిన కంఠం ఆయనది మాత్రమేనని దర్శకుడు ఆసిఫ్, సంగీత దర్శకుడు నౌషాద్ నిశ్చయించుకొన్నారు. వారిని సున్నితంగా తప్పించుకొనడానికి ఆయన ఒక్కొక్క పాటకు 25,000 రూపాయలు అడిగారని, ఆసిఫ్ క్షణం ఆలోచించకుండా అంగీకరించారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ రోజులలో ప్రసిద్ధ నేపథ్య గాయకులకు సైతం పాటకు 500 రూపాయలకు లోపే లభించేదని చెబుతారు. సోహ్ని, రాగేశ్రీ రాగాలలో ఆయన పాడిన రెండు గీతాలు ఆ చిత్రానికి అలంకారాలయ్యాయి. 1960లో విడుదలయిన ఆ చిత్రం ద్వారా, సంగీత సభ గడప తొక్కని లక్షలాది సామాన్యులు ఆయన కంఠాన్ని విన్నారు. 1962లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. అదే సంవత్సరం సంగీత నాటక అకాడమీ పురస్కారం కూడా లభించింది.

గౌరవాలు వెల్లువెత్తుతున్న సమయంలోనే ఆరోగ్యం క్షీణించింది. దీర్ఘవ్యాధి ఆయన శరీరంలో కొంత భాగాన్ని పక్షవాతానికి గురిచేసింది. స్వరమండలాన్ని మీటిన చేతులకు, మూడు స్థాయిలలో విహరించిన కంఠానికి ఇంతకంటె కఠినమైన శిక్ష ఉండదు. మరొకరయితే వేదికను విడిచి విశ్రాంతి తీసుకొనేవారు. ఆయన మాత్రం బాల్యంలో నేర్చిన సాధననే తిరిగి ఆశ్రయించారు. కుమారుడు మునవ్వర్ అలీ ఖాన్ పక్కన కూర్చొని స్వరం అందిస్తుండగా, ఆయన మళ్లీ కచేరీలు చేశారు. తండ్రి పలికిన స్వరాన్ని కొడుకు అందుకొని పొడిగించడం, కొడుకు అలసిన చోట తండ్రి చిరునవ్వుతో అందుకొనడం చూసిన శ్రోతలకు గురుశిష్య పరంపర అంటే ఏమిటో కన్నుల ఎదుట కనిపించింది. జీవితాంతం వరకు ఆయన పాడుతూనే ఉన్నారు.

ఆయన చివరి దినాలు హైదరాబాదులో గడిచాయి. సంగీతానికి హైదరాబాదు కొత్త కాదు. దర్గాలలో ఖవ్వాలీ, ముషాయిరాలలో ఉర్దూ కవిత, మొహర్రం దినాలలో శోకగీతాలు పాతబస్తీ వీధులలో శతాబ్దాలుగా వినిపిస్తున్నాయి. మేవాతీ ఘరానాకు చెందిన పండిత మోతీరాం ఆస్థాన విద్వాంసునిగా నియమితులు కావలసిన రోజునే 1934లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన కుమారుడే జగత్ప్రసిద్ధ గాయకుడు పండిత జస్‌రాజ్. అటువంటి నగరం గులాం అలీ ఖాన్‌ను కూడా అక్కున చేర్చుకొంది. పైగా వంశీయులు నిజాం ప్రభువులకు సన్నిహితులు, సంపన్న కళాపోషకులు. నిజాం రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేసిన సర్ ఆస్మాన్ జా నిర్మించిన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఆయన మనుమడు నవాబ్ జహీర్ యార్ జంగ్ గులాం అలీ ఖాన్‌కు ఆతిథ్యమిచ్చి ఆదరించారు. అప్పటికి నిజాం పాలన ముగిసి చాలా సంవత్సరాలయింది. జాగీర్లు రద్దయ్యాయి. అయినా కళాకారుని గౌరవించే సంస్కారం రద్దు కాలేదు.

1968 ఏప్రిల్ మాసంలో ఆ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లోనే ఆయన తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయస్సు 66 సంవత్సరాలు. పాతబస్తీలో సుల్తాన్‌షాహి సమీపంలోని దాయరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో ఆయన భౌతికకాయాన్ని ఖననం చేశారు. ఆ స్థలానికి గొప్ప చరిత్ర ఉంది. ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుండి గోలకొండకు వచ్చి, మహమ్మద్ కులీ కుతుబ్ షాకు ప్రధానిగా పనిచేసి, 1591లో హైదరాబాదు నగర నిర్మాణానికి రూపకల్పన చేసిన మీర్ మహమ్మద్ మోమిన్ దానిని ఏర్పాటు చేశారు. పవిత్రమైన కర్బలా నుండి మట్టిని తెప్పించి అక్కడి నేలలో కలిపించారని ప్రతీతి. మీర్ మోమిన్‌తోపాటు మొదటి సాలార్ జంగ్ వంటి రాజనీతిజ్ఞులు ఎందరో ఆ నేలలో నిద్రిస్తున్నారు. పరదేశం నుండి వచ్చి ఈ నగరాన్ని తన ఊరుగా చేసుకొన్న మహనీయుని సన్నిధిలో, సరిహద్దు దాటి వచ్చి ఈ దేశాన్ని తన దేశంగా ఎంచుకొన్న గాయకునికి చోటు దొరికింది.

ఆయన కన్నుమూసినా పాట ఆగలేదు. మునవ్వర్ అలీ ఖాన్ 1989లో మరణించే వరకు తండ్రి గానాన్ని శిష్యులకు బోధించారు. బెంగాలు ఆ సంప్రదాయానికి రెండవ ఇల్లు అయింది. చలనచిత్ర గాయని సంధ్యా ముఖర్జీ గులాం అలీ ఖాన్ వద్ద శిష్యరికం చేశారు. ప్రసిద్ధ గాయకుడు పండిత అజయ్ చక్రవర్తి మునవ్వర్ అలీ ఖాన్ వద్ద శిక్షణ పొందారు. సరిహద్దుకు అవతల లాహోరులో బర్కత్ అలీ ఖాన్ 1963లో మరణించే వరకు అదే ఠుమ్రీని, అదే పంజాబు బాణీని కొనసాగించారు. ఒకే ఇంటి పాట రెండు దేశాలలో ఒకే కాలంలో వినిపించింది. పంజాబులోని ఒక సంగీతాభిమాని బడే గులాం అలీ ఖాన్ మీది ఆరాధనతో తన కుమారునికి గులాం అలీ అని పేరు పెట్టుకొన్నాడు. ఆ బాలుడు బర్కత్ అలీ ఖాన్ మొదలైన ఆ సోదరుల వద్దనే సంగీతం అభ్యసించి, ప్రపంచప్రసిద్ధి పొందిన గజల్ గాయకుడయ్యాడు. లండన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ, గల్ఫ్ దేశాలలోనూ స్థిరపడిన భారతీయులూ, పాకిస్తానీయులూ ఒకే సభలో కూర్చొని ఆ గజళ్లను విన్నారు. నేలపై గీసిన గీతను పాట ఆ విధంగా దాటింది.

బషీర్‌బాగ్ ప్యాలెస్ నేడు లేదు. ఆ ప్రాంతంలోని ఒక రహదారికి మాత్రం ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ పేరు పెట్టారు. రాజప్రాసాదం కూలిపోయినా గాయకుని పేరు నిలిచింది. పెద్దల సంస్థానాలు, సరిహద్దులు, సంపదలు కాలంతోపాటు మారుతాయి. ఒంటెకాపరి, కొండ మీది గొర్రెల కాపరి, రాట్నం వడికే ఇల్లాలు పాడిన పాట మాత్రం మారిన ప్రతి కాలంలోనూ కొత్త కంఠాన్ని వెదుక్కొంటూ జీవిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దిలో అది వెదుక్కొన్న కంఠాలలో బడే గులాం అలీ ఖాన్‌ది మహోన్నతమైనది. సామాన్యుల పాటను చిన్నచూపు చూడని విద్వత్తు, విద్వత్తును సామాన్యులకు అందించాలనే తపన, నమ్మిన కళ కోసం పుట్టిన నేలను సైతం విడువగల త్యాగం, శరీరం సహకరించకున్నా విడువని సాధన ఆయన జీవితంలో కనిపిస్తాయి. ఏ విద్యను అభ్యసించే విద్యార్థికైనా ఈ గుణాలు ఆదర్శప్రాయాలు.